కుట్టేసిన చిరుగు

పక్కింటి లాయరుగారి చొక్కాల మీద నీళ్లు చిలకరించి, ఒక్కొక్కదాన్నీ చుట్టగా చుట్టి పక్కన పెడుతోంది కుట్లమ్మ. అలా కాసేపు మగ్గనిస్తే కాలరు దగ్గర మొండికేసే ముడతలు కూడా ఇస్త్రీపెట్టెకి లొంగుతాయి. శనివారం మధ్యాహ్నపు ఎండ కిటికీలోంచి కుట్టుమిషను మూత మీద పడుతోంది. ఇంట్లో ఉన్నవాళ్లు ఇద్దరే. ముందుగదిలో ఈమె, వెనకగదిలో ఆడపడుచు కూతురు.

కుట్లమ్మ అన్నది అమ్మానాన్నలు పెట్టిన పేరు కాదు. వదులైన నడుము బిగించాలన్నా, పొట్టయిన గౌనుకి అంచు దించాలన్నా, నిప్పురవ్వ పడి కాలినచోట రఫూ చేయాలన్నా వీధంతా ఈ గడపే తొక్కుతుంది. ఆ చనువుతో వాళ్లు తగిలించిన పేరది. పెళ్లయిన కొత్తలో ఉడుక్కునేది. ఇప్పుడు అసలు పేరుతో ఎవరైనా పిలిస్తే, వెనక ఇంకెవరైనా ఉన్నారేమోనని తిరిగి చూస్తుంది.

చొక్కాలన్నీ అయిపోయాక బుట్ట అడుగున చేతికి మళ్లీ ఆ గౌను తగిలింది.

పోయినవారం ఈ ఇంట్లో మొగుడూపెళ్లాల మధ్య మాటలు ఆగిపోయింది ఆ గౌను దగ్గరే కదా. ఆమె భర్త ఫొటోగ్రాఫరు. దిక్కులేనివాళ్లకి సాయం చేసే ఒక సంఘంలో ఉద్యోగం. వీధుల్లో అంటించే పోస్టర్లకీ, దాతలకి పంపే పుస్తకాలకీ ఫొటోలు తీస్తాడు. అప్పుడప్పుడూ సంచిలోంచి ఆ గౌను తీసి ఉతకమని పడేసేవాడు. వెలిసిపోయిన నీలం గుడ్డ, భుజం దగ్గర జానెడు చిరుగు, ఒక గుండీ లేదు. ఎవరిదని అడిగితే ఆఫీసుదన్నాడు. ఆఫీసు గౌను తొడుక్కోవడమేమిటని ఆమె అడగలేదు. ఉతికి ఆరేసి ఇచ్చేది. ఇస్త్రీ మాత్రం వద్దనేవాడు. ఎందుకు వద్దో కూడా అడగలేదు.

కానీ చిరుగు కనిపిస్తే ఆమె చెయ్యి ఊరుకోదు. ఏ పసిది తొడుక్కుంటుందో పాపం అనుకుని, రంగుకి రంగు దారం వెతికి, కుట్టు పడిందన్న ఆనవాలు దొరకనంత సన్నగా కుట్టేసింది. గుండీ కూడా వేసింది. మెచ్చుకుంటాడనుకుంటే అతను ఒంటికాలి మీద లేచాడు. దాన్ని కుట్టమని నీకెవరు చెప్పారని అరిచి, అరిచినందుకు తనే బిత్తరపోయి, గౌను లాక్కుని పెరట్లోకి వెళ్లాడు. కాసేపాగి ఆమె తొంగిచూస్తే, మెట్టు మీద కూర్చుని బ్లేడుతో ఆ కుట్లు ఒక్కొక్కటే విప్పుతున్నాడు. ఫొటోలు కడిగేటప్పుడు ఉండేంత శ్రద్ధ ఆ మొహంలో.

చిరిగినదాన్ని కుట్టినందుకు తిట్లు తినడం ఆమెకి పుట్టి బుద్ధెరిగాక అదే మొదలు.

అప్పుడు మొదలైన అనుమానం ఈ వారంలో ఆమెని నిలవనీయలేదు, కూర్చోనీయలేదు. బుధవారం నాడు సంఘం హాల్లో తెరలకి కొలతలు తీసుకోవడానికి వెళ్లింది. ఆదివారం పెద్ద సభ ఉందట, ఊళ్లో ఉన్నవాళ్లంతా వస్తారట, స్టేజీకి కొత్త తెరలు కావాలట. దారిలో సంఘం ప్రహరీగోడ పక్కన నడుస్తూ ఊరికే పోస్టర్లు చూసింది. ఒకదాని మీద ఒకటి అంటించి, వానకి అంచులు లేచిపోయిన పోస్టర్లు. పైదాంట్లో ఒక పిల్ల. దాని కింద చిరిగినచోట ఇంకో పిల్ల, రెండు జడలు. గేటు దగ్గర పాతదాంట్లో మరో పిల్ల, గుండు. మొహాలు వేరు, కింద రాసిన కష్టాలు వేరు. ఒకరి ఇల్లు కాలిపోయింది, ఒకరిది కొట్టుకుపోయింది. ముగ్గురి ఒంటి మీదా అదే నీలం గౌను. భుజం దగ్గర అదే చిరుగు.

కుట్లమ్మ అక్కడే నిలబడిపోయింది. తన కుట్టు ఎందుకు విప్పాల్సొచ్చిందో తెలిసింది. తెలిశాక మనసు తేలికపడలేదు, ఇంకా బరువెక్కింది. ఇన్నాళ్లూ ఉతికింది తను.

లోపల హాల్లో కొలతలు తీశాక, మిగిలిన తెరగుడ్డ కోసం వెనకగదిలోకి వెళ్లింది. తలుపంత తలుపంత ఫొటోలు గోడవైపు మొహాలు తిప్పి ఆనించి ఉన్నాయి. ఒకదాన్ని ఇటు తిప్పి చూసింది. వాగు అవతల గుడారాల్లో ఉండే ముసలాయన. వాళ్ల ఊరేదో తగలబడిపోతే పిల్లాజెల్లాతో ఇటు వచ్చిపడ్డవాళ్లు. భాష వేరు, కట్టు వేరు. ఈ ఊరివాళ్లు పేరైనా అడగకుండా "అవతలివాళ్లు" అని ఊరుకున్నారు. ఆ ముసలాయన గుడారం ముందు కూర్చుని, ఎవరో వచ్చినవాళ్లకి కప్పులో టీ పోస్తూ, పళ్లులేని నోటితో నవ్వుతున్నాడు. ఆవిరి వెనక ఆ నవ్వు చూసి కుట్లమ్మకి కూడా నవ్వొచ్చింది. ఆ ఫొటో ఎవరు తీశారో ఎవరూ చెప్పక్కర్లేదు. అంత ఓపిగ్గా నిలబడేది తన మొగుడొక్కడే.

అంతలో సంఘం కార్యదర్శి వచ్చింది. మెడలో గొలుసుకి కళ్లజోడు వేలాడదీసుకుని, ఎప్పుడూ ఎక్కడికో ఆలస్యమైనట్టు నడిచే మనిషి. దొంగ దొరికినట్టు కుట్లమ్మే తడబడింది గానీ ఆవిడ తొణకలేదు. మీ ఆయన తీసినవే, ఇంత మంచి ఫొటోలు ఈ చుట్టుపక్కల ఎవరూ తీయలేరు అంది. ఏం లాభం, వీటిని పెట్టిన వారం ఒక్కరూ తలుపు తట్టలేదు అంది. అవతలివాళ్ల మొహం చూస్తే జనం పక్కకి తప్పుకుపోతారట. ముసలివాళ్లకి ఇవ్వరట. నవ్వేవాళ్లకి అసలే ఇవ్వరట. ఇచ్చేవాళ్లకి ఆ పిల్ల తమ వీధి పిల్లలా ఉండాలి గానీ తమ ఇంటి పిల్లలా ఉండకూడదట. మరీ నలుపైతే పరాయిపిల్ల అంటారు, మరీ తెలుపైతే ఉన్నవాళ్ల పిల్ల అంటారు, ఆ మధ్య రంగు దొరకడం ఎంత కష్టమో మీకేం తెలుసని బట్టల కొట్లో అంచుకి మ్యాచింగు వెతికేవాళ్లు మాట్లాడినట్టు మాట్లాడింది. ఆ ఊపులోనే, "మీ ఇంట్లో అలాంటి పిల్ల ఉండటం మా అదృష్టం" అంది.

అనేసి, కుట్లమ్మ మొహం చూసి, టక్కున తెరల రంగు గురించి అడిగింది.

ఆ మాట బుధవారం నుంచి కుట్లమ్మ గొంతులో ముల్లులా ఉండిపోయింది. ఇంట్లో ఉన్న పిల్ల ఒక్కతే. ఆడపడుచు కూతురు. గుక్కతిప్పుకోకుండా మాట్లాడుతుందని అందరూ పిట్ట అంటారు. ఎనిమిదేళ్లది. మొగుడిని అడుగుదామంటే, అడగ్గానే నీళ్లు నమిలి ఏదో ఒకటి చెప్పి తప్పించుకుంటాడు. పిట్ట తల్లికి, అంటే వదినకి, చెబుదామంటే ఆమె గుండె ఆగిపోతుందేమో. అందుకని చూస్తూ కూర్చుంది. సాయంత్రాలు పిట్టని తిప్పుకొస్తానని అతను తీసుకెళ్లడం చూసింది. తిరిగొచ్చాక పిట్ట గలగలా మాట్లాడబోయి, మామయ్య కళ్లలోకి చూసి నోరు మూసుకోవడం చూసింది. చెవి వెనక, ఎంత కడిగినా పోని మసి కూడా చూసింది.

ఇస్త్రీపెట్టె వేడెక్కింది. లాయరుగారి మొదటి చొక్కా పరిచి కాలరు మీద పెట్టిందో లేదో, వెనకగదిలోంచి పిట్ట గొంతు వినిపించింది. మామూలుగా మాట్లాడే గొంతు కాదు. ఎవరో నిదానంగా నడిపిస్తే నడుస్తున్నట్టుంది.

"నాకు అమ్మ లేదు."

కాసేపు ఏమీ లేదు.

"నాన్న లేడు. చలేస్తే కప్పేవాళ్లు లేరు. మీరున్నారని చెప్పారు. అందుకే వచ్చాను."

కుట్లమ్మ పెట్టె పక్కకి పెట్టి వెళ్లి చూసింది. బీరువా తలుపుకున్న అద్దం ముందు పిట్ట చేతులు రెండూ కడుపు మీద పెట్టుకుని నిలబడి ఉంది. అద్దంలో అత్తని చూసి గతుక్కుమంది.

"ఏంటే అది? స్కూల్లో నాటకమా?"

"నాటకం కాదత్తా. రేపు మీటింగులో చెప్పాలి."

"ఎవరు నేర్పారు?"

"మామయ్య. అమ్మ లేదు అన్నాక కొంచెంసేపు ఆగి కిందకి చూడాలంట. ఏడవకూడదంట. ఏడిస్తే పెద్దవాళ్లకి ఇబ్బందిగా ఉంటుందంట. ఏడవబోతున్నట్టుండాలంట." చెప్పి ఊరుకోలేదు, చేసి చూపించింది. గడ్డం కొంచెం దింపి, కింది పెదవి లోపలికి లాక్కుంది. పిల్ల అంత బాగా చేస్తుందని కుట్లమ్మ అనుకోలేదు.

"నాకెందుకు చెప్పలేదే ఇన్నాళ్లూ?"

"నీకు చెప్పొద్దన్నాడు మామయ్య. చెబితే నువ్వు కుట్టేస్తావంట."

ఇంకోరోజైతే ఆ మాటకి ఇద్దరూ పడీపడీ నవ్వేవాళ్లు. కుట్లమ్మ పిట్ట తల నిమిరి, అద్దం ముందునుంచి పక్కకి తెచ్చి, రొట్టెముక్క చేతిలో పెట్టి పెరట్లో కూర్చోమంది. మీ అమ్మకి తెలుసా అని అడుగుదామని నోటిదాకా వచ్చింది. తెలియదని పిట్ట చెబితే ఆ తర్వాత ఏం చేయాలో తోచక అడగలేదు. రేపు పొద్దున్న అంత పెద్ద హాలు, ఊళ్లో తెలిసినవాళ్లు తెలియనివాళ్లు అందరూ. పిట్ట స్కూలు టీచర్లు కూడా వస్తారు. వాళ్లందరి ముందూ బతికున్న తల్లిని లేదని చెప్పాక, సోమవారం ఆ పిల్ల స్కూలుకి ఏ మొహంతో వెళ్తుంది? తల్లి ఈ వీధిలో ఏ మొహంతో నడుస్తుంది? ఇవాళ సాయంత్రంలోగా దీన్ని ఆపాలి. ఆపకపోతే ఇంకెప్పటికీ వెనక్కి తీసుకోలేని మాట అది.

ఆమె రెండో చొక్కా సగంలో ఉండగా భర్త వచ్చాడు. చంకలో పొడుగాటి కాగితపు చుట్ట. పలకరింపుగా ఏదో అనబోయి, వారంగా మాటల్లేవని గుర్తొచ్చి, చుట్టని తలుపు మూలన నిలబెట్టబోయాడు. కుట్లమ్మ ఏమీ అనకుండా వెళ్లి దాన్ని తీసుకుని, ఇస్త్రీబల్ల మీద చొక్కా పక్కకి తోసి, పరిచింది. అతను అడ్డుపడలేదు.

పోస్టరు నిండా పిట్ట మొహం. బుగ్గల మీద మసి, భుజం దగ్గర ఆ చిరుగు, చిరుగులోంచి ఎముక తేలినట్టు కనిపించే నీడ. పిట్టకి ఎముకలు తేలవు, వెలుతురు అలా పెట్టాడు. కళ్లు నేరుగా చూసేవాడి కళ్లలోకి చూస్తున్నాయి. ఎంత గొప్పగా తీశాడంటే, మన పిల్లేనని తెలిసి కూడా కుట్లమ్మకి ఒక్కక్షణం జాలేసింది. దాంతో ఇంకా కోపమొచ్చింది. కింద పెద్దక్షరాల్లో ఉంది: అమ్మ లేదు. నాన్న లేడు. మీరున్నారు.

"దీన్ని కూడా నేనే ఉతికానన్నమాట" అంది.

అతను కుర్చీలో కూలబడ్డాడు. చెప్పడానికి చాలాసేపు పట్టింది, ఆమె కూడా తొందరపెట్టలేదు. ఆ గుడారాలకి తను మొదటిసారి వెళ్లినప్పుడు అక్కడ చూసిన మనుషుల గురించి చెప్పాడు. ఆ ముసలాయన తనకే టీ పోశాడని, ఉన్న ఒక్క కప్పు కడిగి ఇచ్చాడని చెప్పాడు. ఆ ఫొటోలు తీసిన నెలంతా నిద్రపట్టనంత సంతోషంగా ఉన్నానన్నాడు. హాల్లో పెడితే జనం వచ్చి చూశారు, బాగున్నాయన్నారు, టీ తాగి వెళ్లిపోయారు. గుడారాల్లో పసివాళ్లు దగ్గుతున్నారు. అప్పుడు కార్యదర్శి ఆ గౌను తెప్పించింది. మన రంగు పిల్లలు, మన భాష పిల్లలు ఆ గౌనులో కనిపించాక కప్పుకోవడానికి దుప్పట్లొచ్చాయి, డాక్టరొచ్చాడు. అవన్నీ గుడారాలకే వెళ్లాయి, కావాలంటే వెళ్లి చూసుకోమన్నాడు. దొంగతనం చేయలేదన్నాడు. "ఒక మొహం అరువు తెచ్చుకున్నాం, అంతే" అన్నాడు.

అతను చెప్పినదాంట్లో అబద్ధం లేదని కుట్లమ్మకి తెలుస్తోంది. అబద్ధం లేకుండానే ఎక్కడో కుళ్లుంది. ఆ ముసలాయనకి దుప్పటి ఇచ్చింది ఎవరు? అసలు లేని ఒక పిల్లకని ఎవరో ఇచ్చారు, అది ఆయన ఒంటి మీదకొచ్చింది. ఆయన మొహం గోడవైపు తిరిగే ఉంది. రేపు ఆయన వీధిలో ఎదురైతే, ఆ ఇచ్చినవాళ్లే మళ్లీ పక్కకి తప్పుకుపోతారు.

ఇవన్నీ అనాలనుకుంది. అంది మాత్రం ఒక్కటే.

"అరువుకి మొహం చాలదా? తల్లిని కూడా చంపాలా?"

అతని మొహం పాలిపోయింది. ఏదో చెప్పబోయి పెరటివైపు చూసి ఆగాడు. చెప్పదలుచుకున్న మాటేదో ఆ నోటిదాకా వచ్చి వెనక్కి వెళ్లడం కుట్లమ్మ స్పష్టంగా చూసింది. ఈయన ఇంకా దాస్తున్నాడు. ఇంత బయటపడ్డాక కూడా దాచేంతటిది ఏముంది? డబ్బు తీసుకున్నాడా? కార్యదర్శికి మాటిచ్చాడా? ఆ అడుగున ఇంకేదో ఉంది.

వదినకి తనే చెబుతానంది కుట్లమ్మ. వద్దన్నాడు. సాయంత్రందాకా ఆగమన్నాడు, కాదు, సభ అయ్యేదాకా ఆగమన్నాడు. బతిమాలుతున్నట్టు లేదు, భయపడుతున్నట్టుంది. ఆ భయం ఎవరి గురించో కుట్లమ్మకి అంతుపట్టలేదు.

అంతలోనే వదిన పనినుంచి ఇంటికొచ్చింది.

కళ్లద్దాల దుకాణంలో అద్దాలు అరగదీసే పని ఆమెది. గోళ్ల సందుల్లో తెల్లటి పొడి ఎప్పటికీ పోదు. తమ్ముడి కంటే ఆరేడేళ్లు పెద్దది. చిన్నప్పుడే తల్లీతండ్రీ పోతే అతన్ని ఎత్తుకుని పెంచింది, మొదటి కెమెరా కొనిచ్చింది. ఆ చేతుల్లో పెరిగినందుకో ఏమో, అక్క మాటకి ఎదురుచెప్పే అలవాటు అతనికి లేదు. మాట తక్కువ మనిషి. కూతురు అన్ని మాటలు ఎక్కడినుంచి తెచ్చుకుందో అని వీధిలో నవ్వుకుంటారు.

చెప్పులు విడిచి లోపలికొచ్చి, బల్ల మీద పరిచి ఉన్న కూతురి మొహం చూసింది. కుట్లమ్మ ఏం చేయాలో తోచక ఇస్త్రీపెట్టె చేతిలోకి తీసుకుంది. చూసినంతసేపు చూసి వదిన ఎత్తుపీట మీద కూర్చుని, మోకాళ్ల మీద చేతులు పెట్టుకుంది.

"వదినా, దీన్ని రేపు స్టేజీ ఎక్కిస్తారంట" అంది కుట్లమ్మ. చూసుకోకుండా పెట్టెని పక్కకి తోసిన చొక్కా మీద దించేసింది. "అందరి ముందూ నువ్వు లేవని చెప్పిస్తారంట."

"తెలుసు."

"ఏం తెలుసు?"

"అది చెప్పేదంతా తెలుసులే అమ్మాయ్. ముందు ఆ పెట్టె తియ్యి, చొక్కా మాడుతోంది."

నిజంగానే మాడుతోంది. కుట్లమ్మ చప్పున పెట్టె ఎత్తింది. లాయరుగారి చొక్కా వీపు మీద గోధుమరంగు మచ్చ, ఇస్త్రీపెట్టె ముక్కు ఆకారంలో. ఆమె దాన్ని చూసింది గానీ ఆమెకి కనిపించలేదు. వారంగా ఎవరిని కాపాడాలని ఇంత మూటకట్టుకుని తిరిగిందో ఆ మనిషి తెలుసంటోంది, పాలవాడొచ్చాడా అంటే వచ్చాడన్నంత మామూలుగా.

కోపం మొగుడి మీదకి మళ్లింది. నోట్లో నాలుక లేని మనిషిని పట్టుకుని ఒప్పించావంది. నిన్ను పెంచినందుకు ఇదా నువ్విచ్చేది అంది. ఆ మసి పూసేటప్పుడు చెయ్యెలా ఆడిందంది. అతను తలదించుకునే అన్నీ విన్నాడు. చివరి మాటకి మాత్రం తలెత్తి, ఆమె వైపు కాదు, అక్క వైపు చూశాడు. అక్క కళ్లు ఎత్తలేదు.

"ఇంక నా వల్ల కాదక్కా" అన్నాడు మెల్లగా. తర్వాత పెళ్లాం వైపు తిరిగాడు. "పిట్టని తీస్తానని నేను అడగలేదు. ఆ కార్యదర్శి అడిగితే కుదరదన్నాను కూడా. మర్నాడు అక్కే నాతో ఆఫీసుకొచ్చింది. నాన్న లేడు అని రాద్దామన్నాను నేను, అందులో అబద్ధం లేదు గదా అని. అమ్మ కూడా లేదని రాయమన్నది అక్క."

పెరట్లో పిట్ట ఏదో పాట కూనిరాగం తీస్తోంది. కుట్లమ్మ వదిన మొహంలోకి చూసింది. కాదంటుందేమోనని చూసింది. వాడికి మతిపోయింది అంటుందేమోనని చూసింది. వదిన గోరు సందులోని తెల్లపొడిని ఇంకో గోటితో తీసుకుంటోంది.

"ఎందుకు వదినా?"

వదిన ఇంకో గోటికి మళ్లింది.

"ఈ పోస్టర్లు ఎంత దూరం వెళ్తాయని అడిగింది" అన్నాడతను. ఒకసారి మొదలుపెట్టాక ఆపుకోలేకపోతున్నాడు. "ఈ ఊళ్లో మాత్రమేనా, బయటా పెడతారా అని. ఎప్పుడూ ఈ ఊరు దాటనివి, ఈసారి పెద్దరోడ్డు పొడుగునా అంటిస్తున్నారంటే అక్క చెప్పబట్టే. లారీలు ఆగే చోట్లన్నిటా ఉండాలంది. డ్రైవర్లు భోంచేసే హోటళ్ల గోడల మీద, కళ్లకి ఎదురుగా ఉండాలంది."

ఈ ఇంట్లో ఎవరూ పేరెత్తని మనిషి ఒకడున్నాడు, పిట్ట తండ్రి. పిట్ట కడుపులో ఉండగా లారీ ఎక్కి వెళ్లినవాడు మళ్లీ రాలేదు. పోయాడన్న కబురు లేదు, ఉన్నాడన్న కబురూ లేదు. అతని పేరెత్తితే వదిన లేచి ఇంకో గదిలోకి వెళ్లిపోతుంది. అందుకని ఎత్తడం మానేశారు. ఎనిమిదేళ్లుగా ఆమె మరిచిపోయిందనే కుట్లమ్మ నమ్మింది. ఇప్పుడు ఆ వంచిన తల చూస్తుంటే, తను ఈ మనిషితో ఒకే కప్పు కింద ఉంటూ ఏమీ ఎరగనని తోచింది. వెళ్లినవాడు తిరిగిరావాలని చేసిందా? తల్లి చచ్చిందని తెలిస్తే పిల్లకోసమైనా వస్తాడనా? లేకపోతే, వాడు వెతుకుతున్నది పిల్లని కాదు, ఈమెనే అయితే? నేను లేను, ఇంక వెతకొద్దు అని చెప్పడానికా? రెండింటిలో ఏదైనా కావచ్చు. రెండూ కాకపోవచ్చు. వదిన మొహంలో ఏ ఆచూకీ లేదు.

"అయితే దాన్ని కూడా ఎరగా కట్టావన్నమాట" అంది కుట్లమ్మ. అనేశాక, అంతమాట ఎందుకన్నానా అనుకుంది. కానీ వెనక్కి తీసుకోలేదు. "గుడారాలవాళ్ల పేరు చెప్పి నీ పని నీది, నువ్వు లేవని చెప్పి వాళ్ల దుప్పట్లు వాళ్లవి. మధ్యలో ఆ పిల్ల. రేపు అది నోటితో అంటుంది వదినా, కాగితం మీద రాత కాదు. అన్న మాట అది జీవితమంతా వింటుంది."

వదిన పెదవులు కదిలాయి. చెప్పబోతోంది అనుకున్నారు ఇద్దరూ. అతను కుర్చీలో ముందుకి వంగాడు.

అప్పుడే పిట్ట పెరట్లోంచి పరిగెత్తుకొచ్చింది. మూతికి రొట్టెపొడి. తల్లిని చూడగానే వెళ్లి ఒళ్లో వాలి, మెడ చుట్టూ చేతులు వేసింది. బల్ల మీద తన మొహం చూసుకుని మురిసింది, చెవి సరిగా రాలేదని మామయ్యని ఆటపట్టించింది. ఎవరూ నవ్వకపోయేసరికి ఒక్కొక్కరినీ మార్చి మార్చి చూసింది. పెద్దవాళ్లు మాట్లాడనప్పుడు తనే మాట్లాడటం దానికి అలవాటు.

"అమ్మా, రేపు నువ్వెక్కడ కూర్చుంటావు?"

వదిన చెయ్యి పిట్ట వీపు మీద ఆగిపోయింది.

"ముందు కూర్చోకమ్మా" అంది పిట్ట, అనుభవమున్నదానిలా. "నువ్వు ఎదురుగా కనిపిస్తే నాకు నవ్వొచ్చేస్తుంది. అమ్మ లేదు అన్నప్పుడు నవ్వితే మొత్తం పోతుందంట. ఎక్కడో వెనకాల కూర్చో. కానీ రావాలి. నువ్వు రాకపోతే నాకు భయమేస్తుంది, నిజంగా లేవేమోనని."

కుట్లమ్మ తల తిప్పేసుకుంది. అతను బల్ల మీది పోస్టరుని గబగబా చుట్టబోయాడు. కాగితం మాటవినక రెండుసార్లు విప్పుకుంది.

వదిన మెడ చుట్టూ ఉన్న చేతుల్ని మెల్లగా విడదీసింది. కొంగుతో కాదు, వేళ్లతోనే కూతురి మూతి మీది రొట్టెపొడి తుడిచింది. చెవి వెనక పోకుండా ఉండిపోయిన ఆ మసి ఆమెకి కనిపించింది. బొటనవేలితో రుద్దింది. పోలేదు. ఇంకోసారి రుద్దింది, ఈసారి గట్టిగా. నొప్పంటూ పిట్ట మెలికలు తిరిగింది. అప్పుడు వదిలేసి లేచింది.

అక్క ఏమంటుందోనని తమ్ముడు, వదిన ఏమంటుందోనని కుట్లమ్మ ఆమె మొహాన్నే చూస్తున్నారు. ఆమె ఇద్దర్నీ చూడలేదు. ఇప్పుడే విడిచిన చెప్పుల్లో మళ్లీ కాళ్లు పెట్టింది. అక్కా అని అతను పిలిచాడు. ఆమెకి వినిపించింది, భుజం కొంచెం కదిలింది. తిరిగి చూడలేదు.

"మరి వెనకాలేనా?" అని అడిగింది పిట్ట.

తల్లి గడప దాటి, మెట్లు దిగి, సంఘం ఉన్నవైపు కాకుండా, పనిచేసే దుకాణం వైపు కాకుండా, పోస్టర్లు అంటిస్తున్న ఆ లారీల పెద్దరోడ్డు వైపు తిరిగి నడుచుకుంటూ వెళ్లిపోయింది.